ఎవరి సమయముతో నడుచుచున్నాము?

ధ్యాన భాగములు: 1 తిమోతి 4:7-8; 1 కొరింథీ 6:19-20; గలతీ 6:2-5



గడచిన నవంబరు నెలలో ఒక పని నిమిత్తము నేను హైదరాబాదు వెళ్లి, నాంపల్లిలో మా అక్క కుమారుని యింట మూడు రాత్రులు బస చేసితిని. వికారాబాదు వైపు నుండి పోవు మనవారికి నాంపల్లి స్టేషను క్రొత్త కాదు. 1907లో కట్టిన ఆ స్టేషను ముందు మెట్టు దిగితే ఒక ప్రక్క పబ్లిక్ గార్డెన్స్‌కు, మరియొక ప్రక్క ఆబిడ్సుకు నడిచి పోవచ్చును. ఆ మూడు దినములలో నేను చూచిన ఒక చిన్న సంగతి నన్ను చాల ఆలోచింపజేసినది. దానిని మీ యెదుట ఉంచుచున్నాను. ఇది చిన్నదిగా కనబడును గాని, మన యిండ్లలో అనేకులను పట్టి ఉన్న ప్రశ్న ఇది.

మొదటి ఉదయమున మా మేనల్లుడు నన్ను చీకటితోనే లేపి, "మామయ్యా, నడకకు పోదాం రా" అని పబ్లిక్ గార్డెన్స్‌కు తీసికొని పోయెను. ఇంకను సూర్యుడు పొడవలేదు. పెద్ద చెట్ల క్రింద చలి. ప్రక్కనే శాసనసభ భవనపు తెల్లని గుమ్మటములు మసకగా కనబడుచున్నవి. ఆ వేళకే అక్కడ జనము కిటకిటలాడుచున్నారు. బూట్లు తొడిగిన పెద్దమనుషులు, చీరె కొంగు నడుమున దోపిన తల్లులు, చేతికర్ర పట్టిన ముదుసలులు, అందరును ఒకే దారిన చుట్టు తిరుగుచున్నారు. నాకు నవ్వు వచ్చినది. మన పల్లెలో నడకయనగా పొలమునకో, సంతకో, గుడికో పోవుట. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చు నడక గానుగెద్దుకు తప్ప మరెవరికిని లేదు గదా! ఆ మాటే పైకి అంటిని. దానికి మా వాడు, "గానుగెద్దుకు షుగరు రాదు మామయ్యా, మాకు వస్తుంది" అనెను.

అతనికి ముప్పదియెనిమిదేండ్లు. ఆబిడ్సులో ఒక బట్టల దుకాణములో లెక్కలు వ్రాయును. ఉదయము పది గంటలకు కుర్చీలో కూర్చుండిన వాడు రాత్రి తొమ్మిదింటికి లేచును. రెండేండ్ల క్రిందట దవాఖానాలో పరీక్ష చేసి షుగరు ఉన్నదని చెప్పి, మాత్రలతోపాటు నడక కూడ వ్రాసి యిచ్చిరి. నాటినుండి అతడు ఉదయమున నడుచుచున్నాడు.

ప్రియులారా, ఇది పట్టణపు జబ్బు, మనకేమని అనుకొనవద్దు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో ప్రచురింపబడినది. దాని ప్రకారము మన దేశములో చక్కెర వ్యాధి గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. పట్టణములలో పెద్దలలో నూటికి 16 మందికి పైగాను, పల్లెలలో నూటికి దాదాపు 9 మందికిని ఈ వ్యాధి ఉన్నది. మన తండ్రులు నాగలి వెంట నడిచినంత దూరము మనము నడుచుచున్నామా? దున్నుటకు ట్రాక్టరు, కోయుటకు యంత్రము, పక్క వీధికి పోవుటకు మోటారు సైకిలు వచ్చినవి. ఇవి దేవుడిచ్చిన మేలులే. నడుము విరుగు చాకిరి తగ్గినందుకు స్తోత్రము చెల్లింపవలెను. అయితే శరీరము మాత్రము పాతదే. కష్టపడుటకు చేయబడిన దేహము కూర్చున్నచోటనే ఉంటే తుప్పు పట్టును. ఏదెను తోటలో సహితము మనుష్యుడు కూర్చుండుటకు కాదు, తోటను సేద్యపరచి కాచుటకే ఉంచబడెను (ఆదికాండము 2:15).

ఈ సంగతిని లోకమునకు స్పష్టముగా చూపిన ఒక పరిశోధన కలదు. లండను పట్టణములో జెర్రీ మోరిస్ అను వైద్యుడు 1953లో దానిని ప్రకటించెను. మన హైదరాబాదులో పూర్వము తిరిగిన వంటి రెండంతస్తుల బస్సులే అక్కడను ఉండెను. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు దినమంతయు మెట్లు ఎక్కి దిగుచుండును. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే విధమైన బ్రతుకు. అయినను గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగాను, కండక్టర్లలో తక్కువగాను కనబడెను. తపాలా శాఖలో కూడ బల్లయొద్ద కూర్చుండి పని చేయువారికంటె, ఉత్తరములు పంచుచు తిరుగు పోస్టుమాను మేలైన స్థితిలో ఉండెను. డ్రైవర్లు ఉద్యోగములో చేరునప్పటికే కొంత స్థూలకాయులని తరువాత తెలిసినది గనుక, ఆ తేడాయంతయు మెట్లవలననే కలిగినదని చెప్పరాదు. అయినను దాని వెనుక జరిగిన అనేక పరిశోధనలు ఆ మూలవిషయమును స్థిరపరచినవి. ఆబిడ్సులో పెద్ద పోస్టాఫీసు ముందు నిలువబడి, సంచి తగిలించుకొని బయలుదేరు పోస్టుమానును చూచినప్పుడు నాకు ఈ సంగతి జ్ఞాపకము వచ్చినది.

మరి ఎంత కదలిక చాలును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత ఇది: పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు కొంచెము వడిగా నడువవలెను, లేక దానికి సమానమైన పని చేయవలెను, వారములో రెండు దినములైనను కండరములకు బలమిచ్చు పని ఉండవలెను. ఒకేసారి చేయనక్కరలేదు, ఐదు పది నిమిషములు కూడ లెక్కకు వచ్చునని వారు చెప్పిరి. వారమునకు 10,080 నిమిషములు. అందులో 150 అనగా నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. పదియవ భాగము నిచ్చుటకు అలవాటుపడిన మనకు ఇది పెద్ద లెక్క కాదు.

కొందరు విశ్వాసులు అపొస్తలుడు తిమోతికి వ్రాసిన మాటను అడ్డము పెట్టుకొందురు. శరీర సాధనకు లాభము కొద్దియే గనుక మనకు అది అనవసరమని వారి వాదన. కాని కొద్ది లాభము అనుట లాభమే లేదనుట కాదు గదా! అక్కడ పౌలు భక్తి లాభమును పెద్దదిగాను, శరీర సాధన లాభమును చిన్నదిగాను చూపుచున్నాడు. పెద్ద నోటు ఉన్నదని చిల్లరను ఎవరును వీధిలో పారవేయరు. ఆ మాట వ్రాసిన పౌలే త్రోయ నుండి అస్సు వరకు తన సహవాసులను ఓడ మీద పంపి, తాను కాలినడకన పోయెను (అపొస్తలుల కార్యములు 20:13). ఎమ్మాయు ప్రయాణికులిద్దరు ఆమడ దూరము నడిచి యిల్లు చేరి, ప్రభువును గుర్తుపట్టిన ఆ గడియలోనే మరల యెరూషలేమునకు నడిచిపోయిరి (లూకా 24). సువార్త మొదట నడిచిన కాళ్లమీదనే వ్యాపించినది. అలసి చావును కోరుకొనిన ఏలీయాతో దేవుడు మొదట ప్రసంగము చేయలేదు. నిద్రనిచ్చెను, రొట్టెనిచ్చెను, నీళ్లనిచ్చెను; ఆ తరువాతనే మాటలాడెను (1 రాజులు 19). దేహమును సృష్టించినవాడు దానిని తృణీకరింపడు.

ఇంతవరకు నా మనస్సు నెమ్మదిగానే ఉండెను. మా మేనల్లుని చూచి సంతోషించితిని. రెండవ ఉదయమున నాకు కాలు నొప్పిగా నుండి, నేను నడకకు పోక యింటనే ఉండిపోతిని. అప్పుడు నేను చూచినది వేరు.

మా వాడు ఐదున్నరకు వెళ్లెను. అతని భార్య అంతకు గంట ముందే లేచినది. ఆ దినము నల్లా వచ్చు దినము. అక్కడ నీళ్లు దినము విడిచి దినము వచ్చును. వచ్చినప్పుడే బిందెలు, డ్రమ్ములు నింపుకొనవలెను. ఒక ప్రక్క నీళ్లు, ఒక ప్రక్క పొయ్యి. ఇద్దరు పిల్లలకు, భర్తకు మూడు టిఫిను డబ్బాలు. మోకాళ్ల నొప్పులతో మంచము దిగలేని మా అక్కకు వేడినీళ్లు. పిల్లలను లేపి, స్నానము చేయించి, జడలు వేసి, ఎనిమిదింటికి బడికి పంపవలెను. మా వాడు నడక ముగించి, స్నేహితులతో బల్ల మీద కూర్చుండి కొంత మాటలాడి, ఇరానీ హోటలులో చాయ్ త్రాగి, ఏడుంబావుకు వచ్చెను. చెమట తుడుచుకొనుచు, "ఒంటికి ఎంత హాయిగా ఉందో మామయ్యా!" అనెను. ఆమె తువాలు తెచ్చి అందించినది. పిల్లలు బడికి పోయిన పిమ్మట ఆమె కుట్టుమిషను ముందు కూర్చుండి, మధ్యాహ్నము వరకు జాకెట్లు కుట్టినది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నన్ను వాక్యము చెప్పుమనిరి. నేను కొరింథీ పత్రిక తీసి, మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని చెప్పి, మా మేనల్లుని క్రమమైన నడకను పొగడితిని. ఆ యింటి కోడలు వంటగది గడపయొద్ద కూర్చుండి వినుచుండెను. ప్రార్థన అయిన తరువాత నెమ్మదిగా అనెను:

"మామయ్య గారూ, ఒక్క మాట అడగనా? దేహం దేవాలయం అన్నారు. ఇంట్లో ఒక్కరిదేనా, అందరిదీనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. మా వాడు తల యెత్తి, "నేను ఆటకు పోతున్నానా? డాక్టరు చెప్పాడనే గదా పోతున్నాను" అనెను.

"పోవద్దని నేను అనలేదండీ" అని ఆమె లేచి, బీరువాలో చీరెల క్రింద నుండి ఒక పాత కాగితము తెచ్చి నా చేతికిచ్చెను. ఆరేండ్ల క్రిందట రెండవ బిడ్డ కడుపులో ఉండగా ఆమెకు షుగరు వచ్చినది. కాన్పు తరువాత తగ్గినది. అయితే గర్భిణిగా ఉన్నప్పుడు షుగరు వచ్చిన స్త్రీకి, తరువాతి కాలములో అది స్థిరముగా వచ్చు అపాయము ఇతరులకంటె చాల ఎక్కువ. అందుకే దవాఖానా వారు ఆ కాగితము మీద ప్రతిదినము నడువుమనియు, ఏటేట రక్తపరీక్ష చేయించుకొనుమనియు వ్రాసిరి.

"ఆరేళ్లలో ఒక్కసారే చేయించుకున్నాను" అనెను.

మా అక్క మంచము మీదనుండి, "నాకెందుకు చెప్పలేదే?" అనెను.

"ఎప్పుడు చెప్పను అత్తమ్మా, నల్లా వచ్చే వేళకా?"

ఆమె కోపముతో అనలేదు. అందుచేతనే ఆ మాట మాకందరికిని గట్టిగా తగిలినది. మా మేనల్లుడు చెడ్డవాడు కాడు. త్రాగడు, భార్యను ఒక మాట అనడు, జీతము తెచ్చి ఆమె చేతికే యిచ్చును. ఒకే యింటిలో ఇద్దరికి ఒకే మందు వ్రాయబడినది. ఒకరి కాగితము గోడకు తగిలింపబడినది, మరియొకరిది చీరెల క్రిందికి పోయినది. అంతే. ఇందులో దుర్మార్గుడు ఎవడును లేడు. అయినను అన్యాయము ఉన్నది. ఇట్టి అన్యాయములే మన క్రైస్తవ గృహములలో ఎక్కువ కాలము బ్రతుకును, ఎందుకనగా వాటికొరకు ఎవరును పశ్చాత్తాపపడరు.

ఇది ఆ ఒక్క యింటి సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపినదాని ప్రకారము మన దేశములో పెద్దవారిలో దాదాపు సగము మందికి చాలినంత కదలిక లేదు. పురుషులలో అట్టివారు నూటికి 42, స్త్రీలలో 57. దినమంతయు పని చేయు స్త్రీకి కదలిక లేదనుట ఎట్లని మీరడుగవచ్చును. బిందె మోయుట, ఇల్లు తుడుచుట లెక్కకు వచ్చును. కాని పొయ్యి ముందు నిలువబడుట, మిషను ముందు వంగుట అలసట నిచ్చును గాని, గుండెకును ఊపిరికిని కావలసిన పని నియ్యవు. అలసట వేరు, సాధన వేరు. ఆమె ఒళ్లు అలసిపోవుచున్నది గాని బలపడుట లేదు.

నిద్ర పట్టక ఆ రాత్రి గలతీ పత్రిక ఆరవ అధ్యాయము చదువుకొంటిని. అక్కడ రెండవ వచనములో అపొస్తలుడు ఒకరి భారము నొకరు మోయవలెనని చెప్పును. ఐదవ వచనములో ప్రతివాడును తన బరువు తానే మోయవలెనని చెప్పును. ఈ రెండును ఒకదానినొకటి త్రోసివేయుచున్నట్లు నాకు ఏండ్ల తరబడి కనబడెను. ఆ రాత్రి అవి కలిసికొనినవి. నడక అనునది ఎవరి బరువు వారే మోయవలసినది. నా బదులు నా భార్య నడిచితే నా రక్తములో చక్కెర తగ్గదు; ఆమె బదులు నేను నడిచితే ఆమెకు మేలు కలుగదు. కాని నీళ్ల బిందె అట్టిది కాదు. దానిని ఎవరు మోసినను డ్రమ్ము నిండును. డబ్బా ఎవరు కట్టినను పిల్లవాడు తినును. కాబట్టి మార్చుకొనలేని బరువును ప్రతివారును మోయగలుగునట్లు, మార్చుకొనదగిన భారమును మనము పంచుకొనవలెను. క్రీస్తు నియమము ఒక యింటిలో నెరవేరుట యనగా ఇదియే. "నాకు వ్యాయామము చేయుటకు తీరిక ఉన్నదా?" అని అడుగుట చాలదు. "నా తీరికను ఎవరు సంపాదించి యిచ్చుచున్నారు? వారికి తిరిగి ఇచ్చుచున్నానా?" అని అడుగవలెను.

మూడవ ఉదయమున నేను లేచుసరికి మా వాడు నల్లాయొద్ద లేడు గాని పొయ్యియొద్ద ఉండెను. ఆ దినము నల్లా రాదు. అన్నము కొంచెము మాడినది. పిల్లలు నవ్విరి. ఆమె పక్కింటి ముస్లిము సోదరిని తోడు తీసికొని పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లినది. నలుబది నిమిషములలో తిరిగి వచ్చినది. ముఖమున చెమట, వెలుగు రెండును కనబడినవి.

"మరి నా నడక ఎట్లా మామయ్యా?" అని మా వాడు అడిగెను. "దుకాణం ఎంత దూరంరా?" అని అడిగితిని. కిలోమీటరుంబావు ఉండవచ్చుననెను. ఆ దూరమునకు అతడు స్కూటరు మీద పోవును! నడిచితే ఒక ప్రక్కకు పావుగంట పైచిలుకు. పోను రాను ముప్పదియైదు నిమిషములు. ఆరు దినములకు 210 నిమిషములు. వైద్యులు చెప్పిన కొలతకంటె ఎక్కువే. ఆ నడక ఎవరి సమయమును తీసికొనదు. కాని అతడు వెనుకాడెను. చాలసేపటికి అసలు కారణము చెప్పెను: "తోటివాళ్లంతా బండ్లమీద వస్తారు. నడిచి పోతే బండి అమ్ముకున్నాడంటారు."

చూచితిరా, ప్రియులారా! వేకువన బూట్లు వేసికొని తోటలో నడిచితే గౌరవము. పదింటికి చెప్పులతో పనికి నడిచితే అవమానము. కాళ్లు అవే, అడుగులు అవే. మన వ్యాయామమునకు అడ్డముగా నిలుచునది ఎప్పుడును సమయాభావమే కాదు. కొన్నిసార్లు అది గర్వము. అయితే న్యాయముగా ఇంకొక మాట చెప్పవలెను. ఆబిడ్సులో నడుచుట సుఖము కాదు. కాలిబాటల మీద అంగళ్లు, మోటారు సైకిళ్లు నిలిచి యుండును. పొగ, హారన్లు. పోస్టాఫీసు కూడలిలో రోడ్డు దాటుట ఒక సాహసము. నడువుమని ప్రజలకు చెప్పు పెద్దలు నడుచుటకు దారి కూడ చూపవలెను. అంతవరకు లోపలి వీధుల గుండా పొమ్మని చెప్పితిని.

పని దినము సుదీర్ఘమైన కాలములో మనుష్యుని దేహము, మనస్సు, ఆత్మ ఏమగును అను ప్రశ్న క్రొత్తది కాదు. లండనులో జార్జి విలియమ్సు అను యువకుడు మా మేనల్లునివలె బట్టల దుకాణములో పని చేసెను. ఆ దినములలో దుకాణపు పనివారికి తెల్లవారినది మొదలు రాత్రివరకు చాకిరియే. 1844 జూను 6వ తేదీన అతడు తోటి పనివారితో కూడి యౌవనస్థుల క్రైస్తవ సమాజమును స్థాపించెను. మనము వై.ఎం.సి.ఎ. అని పిలుచునది అదే. మొదట అది ప్రార్థనకును వేదపఠనమునకును ఏర్పడినది. తరువాత ఆటస్థలములును వ్యాయామశాలలును దానితో చేరినవి. దేహము, మనస్సు, ఆత్మ ఒక త్రిభుజపు మూడు భుజములని ఆ సమాజము నేర్పెను. 1920లో హారీ క్రో బక్ అను ఆయన మద్రాసులో ఆ సమాజము పక్షమున వ్యాయామ విద్యాలయము ప్రారంభించెను. ఆబిడ్సుకు దగ్గరనే నారాయణగూడలో ఆ సమాజపు భవనము ఉన్నది.

అయితే దారికి రెండు ప్రక్కలను గుంటలున్నవి. దేహమును నిర్లక్ష్యము చేయుట ఒక గుంట. దానిని విగ్రహముగా చేయుట రెండవది. నేడు పట్టణములలో అద్దముల గదులలో గంటలకొలది తమ్మును తామే చూచుకొనుచు వ్యాయామము చేయువారున్నారు. ఆలయమును శుభ్రము చేయుట మంచిది, కాని శుభ్రము చేయువాడు ఆలయమునకే మ్రొక్కరాదు. ఎరిక్ లిడ్డెల్ అను స్కాట్లండు యువకుడు 1924లో పారిస్ ఒలింపిక్సులో నూరు మీటర్ల పరుగు ప్రాథమిక పోటీలు ఆదివారమున పడినందున దానిని వదలుకొనెను. నాలుగువందల మీటర్ల పరుగులో 47.6 సెకన్లలో గెలిచి బంగారు పతకము పొందెను. మరుసటి సంవత్సరమే మిషనెరీగా చైనా దేశమునకు పోయెను. యుద్ధకాలములో నిర్బంధ శిబిరములో పిల్లలకు ఆటలు నేర్పుచు, వృద్ధులకు చేతనైన సేవ చేయుచు, 1945లో అక్కడనే మరణించెను. తన కాళ్ల బలమును అతడు తనకొరకే ఉంచుకొనలేదు. సాధన చేసిన దేహము ఎవరి సేవకు పోవుచున్నది? ఇదియే పరీక్ష.

మరియొక సంగతి. నాంపల్లి స్టేషనులో దిగినప్పుడు తలమీద రెండు పెట్టెలు, భుజమున ఒక సంచి మోయుచు పోవు కూలీ సోదరుని చూచితిని. అతనికి మనము నడకను గూర్చి బోధింపవలెనా? వరినాట్లలో దినమంతయు వంగిన మన తల్లికి వ్యాయామము నేర్పవలెనా? వారికి కావలసినది విశ్రాంతి, కడుపునిండ ఆహారము, తగిన కూలి. విశ్రాంతి దినపు ఆజ్ఞ యజమానునికే కాక దాసునికిని దాసికిని విశ్రాంతి దొరకవలెనని చెప్పుచున్నది (ద్వితీయోపదేశకాండము 5:14). ఒకనికి మోయలేనంత బరువు, మరియొకనికి మోయుటకు బరువే లేకపోవుట, రెండును లోకపు అమరికలోని వంకరలే. మన యింటి పనియంతయు మరియొకరి నడుము మీద వేసి, మన నడుము సన్నబడుటకు వేరుగా సొమ్ము చెల్లించుట తెలివియా? మన గిన్నెలు మనము తోముకొనుట, మన వాకిలి మనము ఊడ్చుకొనుట, ముసలితల్లి చేయి పట్టి రెండు అడుగులు వేయించుట, ఇవియు సాధనలే. ఇప్పుడు సాయంత్రము పెద్ద మనుమడు మా అక్క చేయి పట్టుకొని గల్లీ చివరివరకు నడిపించుచున్నాడట.

మొన్న ఫోను చేసి క్షేమము తెలిసికొంటిని. అంతయు సవ్యముగా సాగినదని చెప్పితే అబద్ధమగును. జనవరిలో నుమాయిష్ వచ్చినది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లోనే మొదలై తరువాత నాంపల్లి మైదానమునకు మారిన ఆ ప్రదర్శన జరుగు దినములలో అక్కడి రోడ్లు క్రిక్కిరిసిపోవును. కొన్ని దినములు మా వాడు మరల స్కూటరు ఎక్కెను. పిల్లల పరీక్షలకు ఆమె నడక రెండు వారములు ఆగినది. మరల మొదలుపెట్టిరి. మా వాడు మాత్రలు మానలేదు, మానరాదు కూడ. ఆమె రక్తపరీక్ష చేయించుకొనినది. షుగరు ఇంకను రాలేదు గాని హద్దుకు దగ్గరగా ఉన్నదని చెప్పిరట. ఆ కాగితము ఇప్పుడు చీరెల క్రింద లేదు. రెండు కాగితములును ఒకే మేకుకు తగిలించిరి.

చివరిగా నా సంగతి చెప్పుకొనవలెను. ఊరికి తిరిగి వచ్చిన రాత్రి నా భార్య అన్నము వడ్డించుచు ఒక చేతితో నడుము పట్టుకొనెను. ముప్పదేండ్లుగా ఆమె అట్లు నడుము పట్టుకొనుట నేను చూచుచునే ఉన్నాను. దేహము ఆలయమని ఎన్ని సంఘములలో చెప్పితినో లెక్క లేదు. కాని "నీ నడుము ఎట్లున్నది?" అని ఒక్కసారియైనను అడిగినట్లు జ్ఞాపకము లేదు. ఆ రాత్రి అడిగితిని. ఆమె నా ముఖము చూచి, "ఏమైంది మీకు?" అనెను. ఆ ప్రశ్నకంటె పెద్ద గద్దింపు నేను ఏ ప్రసంగములోను వినలేదు.

సహోదరులారా, ఈ నెలలో ఒక సాయంకాలము ప్రార్థన తరువాత మీ యింటివారందరు కూర్చుండి ఈ మూడు ప్రశ్నలు అడుగుకొనుడి. మన యింటిలో ఎవరి దేహమును గూర్చి ఎవరును అడుగుట లేదు? పంచుకొనదగిన ఏ భారము ఒక్కరి మీదనే పడియున్నది? గర్వము చేత మనము నడువకుండ మానిన దారి ఏది? జవాబు దొరికిన యెడల మరుసటి ఉదయముననే దానిప్రకారము చేయుడి.

ప్రార్థన: ప్రభువా, ఈ దేహములను నీవే మాకిచ్చితివి. మావి వాడుకొనుచు మా యింటివారివి మరచితిమి, క్షమించుము. మోయవలసినది మోయుటకు బలమును, పంచుకొనవలసినది పంచుకొనుటకు ప్రేమను, అలసినవారికి విశ్రాంతిని దయచేయుము. మా అడుగులు నీ సేవకును మా వారి మేలునకును నడుచునట్లు చేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.